జ్వరంతో పోయిన సిపాయి

వానాకాలం మొదలైతే మా వీధిలోకి దోమల మందు పొగ బండి వస్తుంది. దాని చప్పుడు వినపడగానే అందరూ కిటికీలు బిగించుకుంటారు. నేను మాత్రం గేటు దగ్గరే నిలబడతాను. డీజిలు, మందు కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే మా ఊరి పెంకుటిల్లు, దాని గోడల మీద తెల్లగా అట్టకట్టిన డి.డి.టి., తలుపు పక్కన వరసగా రాసిన తేదీలు గుర్తుకొస్తాయి. ఆ గోడల మధ్య మా మామ్మ, మామ్మ వెంట నేను పుట్టకముందే చనిపోయిన మా పెదనాన్న.

మా చిన్నతనంలో ‘మలేరియా వాళ్ళు’ అంటే ఊరందరికీ తెలుసు. ఖాకీ బట్టలతో, బకెట్లతో, పంపులతో వచ్చేవారు. ఒకరు పంపు కొడుతుంటే మరొకరు పొడవాటి గొట్టం పట్టుకుని గోడలు తడిపేవారు. పని పూర్తయ్యాక తలుపు పక్కన తేదీ రాసిపోయేవారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది దాకా చనిపోయేవారని లెక్క. 1953లో నియంత్రణ అని, 1958లో నిర్మూలన అని ప్రభుత్వం ఆ కార్యక్రమం నడిపింది.

ఊళ్ళో చాలామందికి ఆ మందంటే గిట్టేది కాదు. పండక్కి వేసిన సున్నం పాడవుతుందనేవారు, ఇంట్లో పిల్లి చచ్చిపోతుందనేవారు. కొందరు తాళం వేసి పొలానికి వెళ్ళిపోయేవారు. మా మామ్మ మాత్రం ముందురోజు సాయంత్రానికే మంచాలు, ఊరగాయ జాడీలు, ధాన్యం బస్తాలు వాకిట్లో పెట్టించేది. పడకగదుల్లోనే కాదు, వంటింట్లో, చివరికి దేవుడి గూటి పక్కన కూడా కొట్టించుకునేది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాళ్ళ వెనకే తిరుగుతూ, “ఆ మూల తడవలేదు నాయనా, ఇంకోసారి కొట్టు” అనేది. పని అయ్యాక ఇంటి మనుషులకు ఇచ్చినట్టే చెంబుల నిండా మజ్జిగ ఇచ్చేది. వేలు గుచ్చి గాజు పలక మీద రక్తం తీసుకునే మనిషి వస్తే, జ్వరం ఉన్నా లేకపోయినా ముందు తన చెయ్యే చాపేది.

ఒకసారి మా అమ్మ ఉండబట్టలేక, “గోడలన్నీ ఇలా అయిపోయాయేమిటి అత్తయ్యగారూ” అంది. మామ్మ చేతిలో పని ఆపకుండానే, “ఈ మందు అప్పుడే ఉండి ఉంటే పెద్దాడు ఉండేవాడు” అంది. ఆ తరువాత మా అమ్మ ఎప్పుడూ గోడల మాట ఎత్తలేదు.

*

పెదనాన్నది ఒకటే ఫొటో ఉండేది, బెంగళూరులో తీయించుకున్నది. వెనక స్తంభాలు, పూలకుండీలు గీసిన తెర. ముందు ఖాకీ బట్టల్లో సన్నగా, నిటారుగా ఒక కుర్రవాడు. చేతులు రెండూ పక్కలకు బిగబట్టి, ఎడమచెయ్యి మాత్రం కొంచెం వెనక్కి పెట్టుకుని ఉంటాడు. ఆ చేతి చిటికెన వేలు కొస కొడవలి తెగి పోయిందని, అది కనపడకూడదని అలా నిలబడ్డాడని మామ్మ చెప్పేది. పట్టాలో చేరేటప్పుడు కూడా ఆ వేలు చూసి తీసుకోరేమోనని తెగ భయపడ్డాడట. పట్టా అంటే మా వైపు సైన్యమనే.

అయిదో తరగతి చదివాడు. ఈత బాగా వచ్చు. కాలవ అవతలి గట్టు మీద నుంచి కేకేస్తే ఇవతల మా ఇంట్లో వినపడేదట. కొత్త తాడు ముడి ఎక్కడ చూసినా విప్పి మళ్ళీ వేసేదాకా వదిలేవాడు కాదట. మనిషి ఎలాంటివాడని నేను ఎవరిని అడిగినా ఈ నాలుగు మాటలే చెప్పేవారు. ఇరవై రెండేళ్ళు నిండకుండానే పోయిన మనిషి గురించి ఇంతకంటే ఏం మిగులుతుంది!

పశ్చిమగోదావరిలో మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇంటింటి నుంచీ మగవాళ్ళు వెళ్ళిన ఊరు, మిలిటరీ మాధవరమనే పేరు. మాది అలాంటి ఊరు కాదు. కాకినాడకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణంలో ఉండే మామూలు వరిపొలాల ఊరు. మా ఊరి నుంచి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళింది ఇద్దరే. ఒకరు పెదనాన్న. ఇంకొకరు మేమంతా మిలిటరీ మావయ్య అని పిలిచిన మనిషి.

వాళ్ళకంటే ముందు యుద్ధమే మా ఊరికి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రాత్రి నుంచి మూటలు, పిల్లలు, మేకలు వేసుకుని బళ్ళు మా ఊరి మీదుగా లోపలి ఊళ్ళకు పోతూనే ఉన్నాయట. మామ్మ వీధి అరుగు మీద కుండలతో నీళ్ళు పెట్టిందట.

ఆ వేసవి చివర్లోనే మా చిన్నతాతయ్య రంగం నుంచి వచ్చాడు. కోస్తా జిల్లాల వాళ్ళకు రంగం అంటే రంగూను. అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవులో పనిచేయడానికి, కూలీలను పోగుచేసి తీసుకెళ్ళే మేస్త్రీల వెంట ఓడలెక్కి వెళ్ళని ఊరు మా వైపు లేదు. ఆ మార్చిలో రంగూను జపాను వశమైంది. నాలుగైదు లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగొచ్చారు. వేలకు వేలు దారిలోనే పోయారు. చిన్నతాతయ్య కలేవా, తము, పాలేల్ మీదుగా ఇంఫాల్ చేరి, అక్కడి నుంచి దిమాపూర్‌లో రైలెక్కి వచ్చాడు. వాకిట్లోకి వచ్చి నిలబడితే మామ్మ గుర్తుపట్టలేక బిచ్చం వేయడానికి చేట తీసుకుని వచ్చిందట. కాళ్ళు మోకాళ్ళ దాకా వాచి ఉన్నాయి. తము అనే ఊళ్ళో ఆ కాళ్ళతో కదలలేక ఒక చెట్టు కింద రోజుల తరబడి కూర్చుండిపోయాడు. పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే వాలిపోతుంటే చూశాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేంతగా చెప్పాడు. అది తరువాత ఇంకో రకంగా మాకు పనికొచ్చింది.

ఆయన రెండేళ్ళ కూలి డబ్బు మేస్త్రీ దగ్గరే ఉండిపోయింది. ఆ మేస్త్రీని తిట్టకుండా చిన్నతాతయ్యకు పొద్దు గడిచేది కాదు. పెదనాన్న, “నేను పట్టాలో చేరి రంగం దాకా వెళ్ళి వసూలు చేసుకొస్తాలే బాబాయ్” అని ఆటపట్టించేవాడట. మరుసటి ఏడాది పంట పోయింది, బియ్యం ధర ఆకాశానికి అంటింది. పెదనాన్న, మిలిటరీ మావయ్య కలిసి చెప్పాపెట్టకుండా వెళ్ళి నిజంగానే చేరిపోయారు.

*

బెంగళూరులో ఉల్సూరు చెరువు పక్కన మద్రాసు సాపర్ల కేంద్రం. రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం వాళ్ళ పని. తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు, కన్నడిగులు కలిసి ఉండేవారు. అందరికీ కలిపి ‘తంబి’ అని పేరు. మిలిటరీ మావయ్య చనిపోయేదాకా ఊళ్ళో ఎద్దులను కూడా తంబి అనే పిలిచాడు. ముడులంటే ప్రాణం పెట్టే పెదనాన్నకు అక్కడ తాళ్ళపని నేర్పడం గొప్ప సంబరంగా ఉండేదట. సెలవు మీద ఒకసారి వచ్చినప్పుడు ఇంట్లో గేదెల పలుపులన్నీ విప్పి కొత్త ముడులు వేసి వెళ్ళాడు. వాటిని విప్పడం ఎవరికీ రాక మామ్మ చివరికి కొడవలితో కోసింది.

ఆ సెలవులోనే పెళ్ళి కూడా ఖాయమైంది. మామ్మ అన్న కూతురే పెళ్ళికూతురు. యుద్ధం అయిపోయి రాగానే ముహూర్తం అనుకున్నారు.

బెంగళూరు నుంచి కలకత్తా, అక్కడి నుంచి అస్సాం, బ్రహ్మపుత్రను పడవ మీద దాటి మళ్ళీ రైలు. దిమాపూర్ స్టేషను పేరు అప్పట్లో మణిపూర్ రోడ్. అక్కడి నుంచి కోహిమా మీదుగా ఇంఫాల్‌కు కొండల్లో 130 మైళ్ళ దారి. చిన్నతాతయ్య ఏ దారిన వచ్చాడో ఆ దారినే ఎదురు వెళ్ళారు.

ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు. ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు మాత్రమే. ఎక్కడున్నదీ తెలియకుండా లోపల అక్కడక్కడ నల్ల సిరా పూసి ఉండేది. మిగిలిన ఉత్తరాల్లో ఒకటి నా దగ్గర ఉంది. పెన్సిలు రాత, మడతల దగ్గర చిరిగింది. ‘నేను క్షేమం. మీ క్షేమ సమాచారములు తెలియజేయవలెను’ అని మొదలవుతుంది. కర్రి గేదె ఈనిందా, బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, తమ్ముడు బడికి పోతున్నాడా అని ప్రశ్నలు. చివర్లో ఒక వాక్యం: ‘బాబాయి కాళ్ళు వాచి కూర్చున్న చెట్టు చూచితిని.’

పరీక్షించిన అధికారికి ఆ చెట్టేమిటో, ఆ బాబాయి ఎవరో ఏం తెలుస్తుంది? సిరా పూయకుండా వదిలేశాడు. ఇంట్లో అందరికీ ఒక్కసారిగా తెలిసిపోయింది, పెద్దాడు తములో ఉన్నాడని. చిన్నతాతయ్య ఆ కాగితం పట్టుకుని పెద్దగా ఏడ్చాడట. ‘అక్కడికి పోకూడదురా’ అని తప్ప ఇంకో మాట రాలేదట ఆయన నోట.

ఆ తరువాత వచ్చింది తంతి.

*

యుద్ధం సంగతులన్నీ నాకు చెప్పింది మిలిటరీ మావయ్యే. సాయంత్రం పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద చుట్ట ముట్టించాక మొదలయ్యేవి. మిగతా పిల్లలు తుపాకుల గురించి అడిగేవారు. ఆయన వాన గురించి చెప్పేవాడు.

1944 మార్చి చివర్లో జపాను సేనలు దిమాపూర్ దారిని తెగ్గొట్టాయి. జూన్ 22న మళ్ళీ తెరుచుకునేదాకా ఇంఫాల్‌లో ఉన్నవాళ్ళందరికీ తిండి, మందులు, మందుగుండు విమానాల మీదే రావాలి. రేషను తగ్గించారు. పైన వాన. పాలేల్ నుంచి తము వెళ్ళే దారిలో కొండచరియలు విరిగి పడేవి. పగలు తవ్విపోసిన రోడ్డు రాత్రి వానకు లోయలోకి జారిపోయేది. మళ్ళీ తెల్లారి పారలు పట్టుకునేవారు. బురదలో లారీ చక్రాలు ఇరుసుల దాకా దిగబడితే దుంగలు నరికి అడ్డంగా పరిచి, వాటి మీదుగా లాగేవారు. “తుపాకీ కంటే పార ఎక్కువ పట్టుకున్నాం అల్లుడూ” అనేవాడు మావయ్య. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఏ నామోషీ వినపడేది కాదు.

ఆగస్టు మొదట్లో తము మళ్ళీ మన సైన్యం చేతికి వచ్చింది. అక్కడి నుంచి కిందికి కబా లోయ. మలేరియాకు, గడ్డిలోని పురుగులు కుడితే వచ్చే టైఫస్ జ్వరానికి పుట్టిల్లు. శత్రువు వెనక్కి పోతున్నాడు కనుక వాన ఆగేదాకా ఆగకుండా వెంటపడాలని పైవాళ్ళ నిర్ణయం. చిత్తడిలో గుడారాలు, చుట్టూ దోమలు. పెదనాన్నకు మొదట చలి, వణుకు. అందరికీ వస్తున్నదే కదా అనుకున్నారు. రెండో రోజు జ్వరంలో పలుపులు, ముడులు అని ఏదేదో మాట్లాడాడు. మూడో రోజు మావయ్యను గుర్తుపట్టలేదు. లారీలో ఇంఫాల్ ఆస్పత్రికి పంపారు. తాము వేసిన రోడ్డు మీదే పంపారు. జ్వరం మెదడుకెక్కి అక్కడే పోయాడు. భాద్రపద బహుళంలో, అంటే పితృపక్షంలోనే. తంతిలో ఉన్న తేదీని బట్టి పురోహితుడు తిథి లెక్కకట్టాడు.

*

మామ్మకు పింఛను వచ్చేది. ఏటా బతికి ఉన్నట్టు కాగితం ఇవ్వడానికి ట్రెజరీకి వెళ్ళాలి. చదువు వచ్చినవాణ్ణి కనుక నన్ను తోడు తీసుకెళ్ళేది. ఒకసారి అక్కడ కొత్త గుమాస్తా, “కొడుకు ఎలా పోయాడమ్మా?” అని అడిగాడు. “రంగం యుద్ధంలో పోయాడు బాబూ” అంది. ఆయన కాగితాలు తిరగేసి, “యుద్ధంలో కాదుగా, జబ్బుతో పోయాడని ఉంది” అన్నాడు. మామ్మ వేలిముద్ర వేసి, కొంగుతో వేలు తుడుచుకుని లేచింది. బస్సులో ఇంటిదాకా మాట్లాడలేదు.

ఆ మాట ఇప్పటికీ నాకు మంటే. పెద్దయ్యాక ఆ యుద్ధం గురించి దొరికినదల్లా చదివాను. 1943లో బర్మా సరిహద్దులో గాయపడి వెనక్కి వచ్చిన ప్రతి ఒక్క సైనికుడికీ జబ్బుతో వచ్చినవాళ్ళు 120 మంది. ఏడాదిలో నూటికి 84 చొప్పున మలేరియా. జావా జపాను చేతికి పోవడంతో మలేరియా మందు క్వినైను దొరకడం కష్టమైంది. 14వ సైన్యానికి అధిపతి అయిన జనరల్ స్లిమ్ ఈ జబ్బును ఆపకపోతే సైన్యమే మిగలదని గ్రహించి, మాత్రలు సరిగ్గా మింగించని ముగ్గురు కమాండింగ్ అధికారులను పదవుల నుంచి తీసేశాడు. అంటే దోమతో పోరాటం కూడా ఆ యుద్ధంలో భాగమేనని ఆనాటి సేనాధిపతికి తెలుసు. మరి తూటా తగిలి పోతే యుద్ధంలో పోయినట్టూ, రోడ్డు వేస్తూ జ్వరంతో పోతే కానట్టూ ఎలా అవుతుంది? వాన ఆగేదాకా ఆ లోయలోకి వెళ్ళనక్కర్లేదంటే మా పెదనాన్నకు ఆ జ్వరం వచ్చేదా? ఆయన్ను చంపింది యుద్ధమే. ఈ సంగతి ఎవరితోనైనా, ఎన్నిసార్లైనా వాదిస్తాను.

ఇంఫాల్‌లో భారత సైనికుల యుద్ధ శ్మశానం ఉంది. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల కోసం అక్కడొక స్మారకం, దాని మీద 800 మందికి పైగా పేర్లు. ఉద్యోగం నుంచి విరమించాక మా అన్నయ్యతో కలిసి వెళ్ళాను. పటాలాల వారీగా పేర్లు చెక్కి ఉన్నాయి. ఎవరు దేనివల్ల పోయారన్నది ఎక్కడా లేదు. తూటా తగిలినవాడి పక్కనే విరేచనాలతో పోయినవాడు, జ్వరంతో పోయినవాడు. మామ్మను తీసుకెళ్ళి ఉంటే ఎంత బాగుండేది అని అక్కడ నిలబడి అన్నయ్యా నేనూ పదేపదే అనుకున్నాం. గడ్డి ఎంతో శుభ్రంగా కత్తిరించి ఉంది.

*

మామ్మ పోయిన చాలా రోజులకు మిలిటరీ మావయ్య నాతో ఒక మాట చెప్పాడు. అప్పటికి ఆయనకు చూపు మందగించింది. చుట్ట మానేశాడు.

సైన్యంలో మలేరియా రాకుండా రోజూ సాయంత్రం పసుపుపచ్చ మాత్ర ఇచ్చేవారు, మెపాక్రిన్. చేదు విషం. కొన్నాళ్ళు మింగితే ఒళ్ళు కూడా పసుపు రంగుకు తిరిగేది. అందరినీ వరసలో నిలబెట్టి, నోట్లో వేయించి, నీళ్ళు తాగించి, నోరు తెరిపించి చూసేవారు. అయితే సైన్యమంతటా ఒక పుకారు పాకింది, ఆ మాత్ర మింగినవాడు సంసారానికి పనికిరాడని.

“నాకు అప్పటికే ఒక పిల్ల అల్లుడూ. నాకేం భయం? మింగేశాను. వాడికి పెళ్ళి కుదిరి ఉంది కదా. పెద్ద క్యాంపులో ఉన్నంతకాలం తప్పక మింగాడు. లోయలో చిన్న చిన్న జట్లుగా పనిలో పడ్డాక చూసేవాడెవడు? నాలిక కింద పెట్టుకుని, పక్కకు వెళ్ళి ఉమ్మేసేవాడు. నేను చూశాను. మింగరా అన్నాను. నవ్వాడు. ఈ సంగతి అత్తయ్యకు ఎలా చెప్పను?”

నేను చాలాసేపు ఏమీ అనలేకపోయాను. పెదనాన్న మీద నాకు కోపం రాలేదు, ఈనాటికీ రాదు. ఇంటి దగ్గర తన కోసం ఎదురుచూస్తున్న పిల్ల గురించి ఆలోచించాడు. ఆ మాత్ర ఏం చేస్తుందో, ఏం చేయదో అతని భాషలో కూర్చోబెట్టి చెప్పిన మనిషి ఆ లోయలో ఒక్కడు ఉండి ఉంటే చాలు. రోడ్డు ఎలా వేయాలో అన్ని భాషల్లోనూ నేర్పారు, ఇది మాత్రం హుకుంతో సరిపెట్టారు.

ఆ పిల్ల నాకు పిన్ని వరస. తరువాత వేరే ఊరి సంబంధం చేశారు, పిల్లాపాపలతో నిండుగా బతికింది. మామ్మకు మేనకోడలు కనుక ‘అత్తయ్యా’ అనే పిలుపు ఎలాగూ పోలేదు. ప్రతి సంక్రాంతికీ వచ్చి మామ్మ దగ్గర నాలుగు రోజులు ఉండి, అరిసెలు చేసి వెళ్ళేది. వాళ్ళిద్దరూ పెదనాన్న గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. పిండి దంచుతూ, పాకం చూస్తూ, ఒకరి చెయ్యి సాగకపోతే ఒకరు అందుకుంటూ ఉండేవారు. మావయ్య చెప్పిన మాట ఆవిడకు నేనూ చెప్పలేదు.

మావయ్య మాత్రం రంగం దాకా వెళ్ళాడు. ఆ డిసెంబరులో కలేవా దగ్గర చింద్విన్ నది మీద 1,150 అడుగుల పైచిలుకు తేలే వంతెన కట్టినప్పుడు అక్కడే ఉన్నాడు. గోనెపట్టాను తారులో ముంచి చదును చేసిన నేల మీద పరిచి రోడ్లు వేశాడు. 1945 మేలో రంగూను తిరిగి చేతికొచ్చింది. కొన్నాళ్ళకు వీళ్ళ జట్టు అక్కడికి చేరాక, ఒక సెలవు పూట చిన్నతాతయ్య పనిచేసిన మిల్లు వెతుక్కుంటూ పోయాడు. పెదనాన్న బదులు తానైనా అడగాలి కదా మరి. మిల్లు సగం కాలిపోయి ఉంది. అక్కడ మిగిలిన ఒక తెలుగు ముసలాయన చెప్పాడు, ఆ మేస్త్రీ కూడా 1942లో నడిచి బయల్దేరాడని, తము చేరకముందే దారిలో పోయాడని.

మావయ్య సైన్యం విడిచి ఇంటికి వచ్చి ఈ కబురు చెప్పినప్పటి నుంచి చిన్నతాతయ్య ఆ మేస్త్రీని తిట్టడం మానేశాడు. ఆ ఏడు పితృపక్షంలో, పెదనాన్న తిథి రోజున, తాతయ్య పక్కన తానూ కూర్చుని ఆ మేస్త్రీ పేరు చెప్పి నువ్వులు, నీళ్ళు వదిలాడట. గోత్రం తెలియదంటే పురోహితుడు కాశ్యప గోత్రం చెప్పించాడట.